కాసేపాగి రండి

బయట జనం చెమటలు కక్కుతుంటే అతను స్వెటరు గుండీలు పెట్టుకుంటున్నాడు. పై గుండీ ఊడి చాలా కాలమైంది, దాని స్థానంలో ఒక పిన్నీసు ఉంది. పిన్నీసు సంగతి తేలాక తలకు ఉన్ని టోపీ, మెడకు మఫ్లరు. అప్పుడు గానీ తాళం తీసి లోపలికి అడుగు పెట్టడు. ఒకప్పుడు ఆ గదిలో మందులు చల్లగా దాచేవాళ్ళు. మందుల కంపెనీ పెరిగి, గిడ్డంగి వెనక వీధిలోకి మారిపోయాక ఆ గదిని కంప్యూటర్లకు కేటాయించారు. కంప్యూటర్లతోపాటు అతన్నీ కేటాయించారు. మందులకు సరిపడిన చలి యంత్రాలకూ సరిపడింది. అతనికి సరిపడిందో లేదో ఎవరూ అడగలేదు. అడిగినా "ఆ, బాగానే ఉంది" అనేవాడు.

ఆఫీసులో అందరూ అతన్ని పోస్టుమాస్టరు అంటారు. తపాలా శాఖతో అతనికున్న సంబంధం స్టాంపులు కొనడం వరకే. కంపెనీకి వచ్చే మెయిళ్ళూ, కంపెనీ నుంచి పోయే మెయిళ్ళూ అన్నీ అతని యంత్రం మీదుగానే వెళ్ళాలి. ఏదైనా మెయిలు చేరాల్సిన చోటికి చేరకపోతే, చేరలేదన్న కబురు 'పోస్టుమాస్టరు' పేరు మీద వెళుతుంది. మొదట్లో వేళాకోళానికి ఆ పేరు పెట్టారు. ఏళ్ళు గడిచేసరికి అసలు పేరు మరిచిపోయారు. జీతాల సెక్షనువాళ్ళు కూడా అతని కవరు మీద ముందు 'పోస్టు' అని రాసి, నాలుక కరుచుకుని కొట్టేసేవారు.

యాభై దాటినవాడు. సన్నగా, కాస్త వంగి ఉంటాడు. ఫోను రిసీవరును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని రెండు చేతులా టైపు చేసే అలవాటు వల్ల కుడి భుజం ఎడమదానికన్నా ఎత్తుగా నిలిచిపోయింది. చలికి గోళ్ళు నీలంగా ఉంటాయి. గదిలోంచి బయటి వేడిలోకి రాగానే కళ్ళజోడు మీద ఆవిరి పట్టేసి లోకం మసకబారుతుంది. అలాంటప్పుడు గుమ్మంలోనే నిలబడిపోతాడు. ఎవరైనా పలకరిస్తే ఎవరో తెలియకపోయినా నవ్వుతాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, అడగాల్సినవాళ్ళు అడగలేదంటాడు. ఆ జవాబు ఇచ్చీ ఇచ్చీ అదే నిజమని నమ్మే స్థితికి వచ్చాడు.

ఆ రోజు కూడా కుర్చీ లాక్కుని, చేతులు రుద్దుకుని, తెర మీద రాత్రి తాలూకు నమోదులు చదవడం మొదలుపెట్టాడు. ఏ మెయిలు ఎక్కడి నుంచి వచ్చింది, లోపలికి వెళ్ళిందా, వెనక్కి తిరిగిందా అన్నది అందులో వరసగా ఉంటుంది. లాటరీ తగిలిందనీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనీ, ఊరూపేరూ లేని రాకుమారుడెవరో ఆస్తి రాసిచ్చాడనీ మోసాల మెయిళ్ళు రాత్రంతా వచ్చి పడుతుంటాయి. వాటిని ఆపడమే అతని ఉద్యోగంలో పెద్ద భాగం. వాటిని ఆపడానికి అతను పెట్టిన పద్ధతి ఒకటుంది. దానంటే అతనికి ప్రాణం.

కొత్త ముఖం ఏది వచ్చినా అతని యంత్రం ముందు లోపలికి రానివ్వదు. "ఇప్పుడు వీలుపడదు, కాసేపాగి రండి" అని మర్యాదగా వెనక్కి పంపుతుంది. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ యంత్రం మోసుకొచ్చింది అన్న మూడు సంగతులు మాత్రం గుర్తు పెట్టుకుంటుంది. ఉత్తరం విప్పదు. లోపల ఏముందో దానికీ తెలియదు, పోస్టుమాస్టరుకూ తెలియదు. కాసేపాగాక అదే యంత్రం అదే ఉత్తరంతో మళ్ళీ వస్తే అప్పుడు దారి ఇస్తుంది. మోసగాళ్ళు లక్షల గుమ్మాలు తొక్కాలి కాబట్టి, కాదన్న గుమ్మానికి తిరిగి రారు. నిజంగా పని ఉన్నవాళ్ళే మళ్ళీ వస్తారు.

ఈ సంగతి అతను కంప్యూటరు దగ్గర నేర్చుకోలేదు. చిన్నప్పుడు అక్క చెయ్యి పట్టుకుని నేర్చుకున్నాడు. అమ్మ లేదు. నాన్నకు మిల్లులో సెలవు దొరకదు. తమ్ముణ్ణి బడిలో చేర్చే పని అక్క నెత్తిన పడింది. అప్పటికి ఆమె కూడా గౌను వేసుకునే పిల్లే. గేటు దగ్గర పొడుగాటి వరస. కార్లలో వచ్చినవాళ్ళు సిఫారసు చీటీ చూపించి తిన్నగా లోపలికి వెళ్ళేవాళ్ళు. వరసలో ఉన్నవాళ్ళ వంతు వచ్చేసరికి గుమాస్తా "సీట్లు లేవు, రేపు రండి" అనేవాడు. అక్క మర్నాడు మళ్ళీ తమ్ముడి జుట్టు నీళ్ళతో దువ్వి తీసుకొచ్చేది. ఆ మర్నాడూ అంతే. గుమాస్తా మొదట విసుక్కున్నాడు, తర్వాత నవ్వాడు, చివరికి "ఈ పిల్ల మనల్ని వదిలేలా లేదు" అని పేరు రాసుకున్నాడు. అలా చదువు అబ్బింది. చదువుతోపాటు సిఫారసు చీటీ మీద ఒళ్ళుమంట కూడా అబ్బింది. చదువులో చాలా భాగం మరిచిపోయాడు గానీ ఒళ్ళుమంట తగ్గలేదు.

ఈ మధ్య అతని పద్ధతికి ఒక చిక్కు వచ్చిపడింది. ఊళ్ళో సగం మంది ఇప్పుడు ఉచితంగా మెయిలు సదుపాయం ఇచ్చే రెండు మూడు పెద్ద కంపెనీల దగ్గర చేరిపోయారు. వాళ్ళకు యంత్రాలు ఒకటీ రెండూ కాదు, వందలు. ఒక యంత్రం ఉత్తరం తెస్తుంది. కాసేపాగి రమ్మంటే, ఆ ఉత్తరాన్ని ఇంకో యంత్రం చేతికిచ్చి పంపిస్తారు. పోస్టుమాస్టరు గుమ్మానికి అది కూడా కొత్త ముఖమే. మళ్ళీ కాసేపాగి రమ్మంటుంది. మూడోసారి మరో యంత్రం. పైగా తిరిగి వచ్చిన ప్రతిసారీ మధ్యలో ఎడం పెరుగుతూ పోతుంది. అదృష్టం బాగుంటే పాత ముఖం ఒకటి మళ్ళీ తగిలి ఉత్తరం లోపలికి వెళుతుంది. బాగా లేకపోతే రోజంతా వాకిట్లోనే.

దీనికి లోకమంతా ఒకే మందు వాడుతోంది. ఆ పెద్ద కంపెనీల పేర్లు వైట్‌లిస్టులో రాసేస్తారు. ఇక వాళ్ళ యంత్రం ఏది వచ్చినా గుమ్మం అడ్డు చెప్పదు. నాలుగు ముక్కలు టైపు చేస్తే అయిపోయే పని. పోస్టుమాస్టరు ససేమిరా అన్నాడు. చిన్న దుకాణంవాడు ఎండలో నిలబడాలా, పెద్ద కంపెనీవాడికి ఎర్ర తివాచీ పరచాలా అని అతని వాదం. వినడానికి ఎంతో బాగుంటుంది. ఆ పెద్ద కంపెనీ చేతిలో ఉన్నవి చిన్న దుకాణాలవాళ్ళ ఉత్తరాలేనన్న సంగతి అతనికి తట్టలేదని కాదు. తట్టింది, పక్కకు నెట్టేశాడు.

నమోదుల్లో ఒకచోట అతని చూపు ఆగింది. రాసింది అక్క. రాసింది తనకే. తెల్లవారీ తెల్లవారకముందే పెద్ద కంపెనీ యంత్రమొకటి తెచ్చింది, గుమ్మం వెనక్కి పంపింది. తర్వాత ఇంకో యంత్రం తెచ్చింది, దాన్నీ పంపింది. అతనికి నవ్వొచ్చింది. "మొదలెట్టావా పొద్దున్నే" అని తెరతో అన్నాడు.

అక్కకు బట్టలు కుట్టే దుకాణం ఉండేది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని వాటి సందులోంచే మాట్లాడేది. అయినా ఆమె గొంతు వీధి చివరికి వినిపించేది. కొన్నేళ్ళ కింద ఆ గొంతులో పుండు లేచింది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు, మాట తీసేశారు. అప్పటి నుంచి ఇంట్లో ఒక పలక. తమ్ముడితో చెప్పాల్సినవి మెయిల్లో. కూతురి దగ్గర నేర్చుకుని ఒంటి వేలితో టైపు చేసేది. మాటలాడే రోజుల్లో ఎంత పదును ఉండేదో రాతలోనూ అంతే ఉండేది. "ఒరేయ్ చిన్నోడా, నీకు ఉత్తరం రాసి అది నీకు చేరేదాకా కూర్చోవడం కన్నా నడిచొచ్చి చెప్పడం తేలిక. కాకపోతే చెప్పడానికి గొంతు లేదు" అని కిందటి నెల రాసింది. ఆ మెయిలు కూడా పూటంతా వాకిట్లో నిలబడే లోపలికి వచ్చింది. అది చదివి అతను చాలాసేపు నవ్వుకున్నాడు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయి, గదిలో యంత్రాల రొద వింటూ కూర్చున్నాడు.

ఈ మధ్య ఆమెకు ఆయాసంగా ఉంటోందనీ, ఏవో పరీక్షలు చేయించాలనీ మేనకోడలు చెప్పింది. భయపడాల్సిందేమీ లేదని కూడా చెప్పింది. అతను రెండో మాటే గుర్తు పెట్టుకున్నాడు.

పొద్దెక్కాక మేనేజరు పిలిపించాడు. అతను పోస్టుమాస్టరుకన్నా చాలా చిన్నవాడు. గొంతు పెంచడం తెలియదు. గదిలో కొనుగోళ్ళవాళ్ళు, అమ్మకాలవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. స్వెటరుతో, టోపీతో లోపలికి వచ్చిన పోస్టుమాస్టరును చూసి ఎవరో ఫ్యాను వేగం తగ్గించారు.

"పోస్టుమాస్టరు గారూ, నిన్న ఒక చిన్న ఆసుపత్రివాళ్ళు ఆర్డరు పంపించారు. ఇంతవరకూ మనకి చేరలేదు. చూసీ చూసీ వాళ్ళు వేరేవాళ్ళ దగ్గర కొనుక్కున్నారు" అన్నాడు మేనేజరు.

"చేరుతుంది సార్. కొంచెం ఆలస్యం, అంతే."

"మందులకి ఆలస్యమేంటండీ? ఆ పెద్ద కంపెనీల పేర్లు లిస్టులో పెట్టేస్తే గొడవే లేదు కదా. అందరూ అదే చేస్తున్నారు."

"పెద్దవాళ్ళకి ఒక దారి, చిన్నవాళ్ళకి ఒక దారి నేను పెట్టలేను సార్. ఇవాళ పొద్దున్నుంచీ మా అక్క ఉత్తరం కూడా బయటే నిలబడింది. నేను వేలు పెట్టలేదు."

గదిలో నవ్వులు లేచాయి. "సొంత అక్కనే నిలబెట్టేశారా! ఇంక మనమెంతండీ!" అన్నాడు అమ్మకాలాయన. అందరూ మళ్ళీ నవ్వారు. పోస్టుమాస్టరు కూడా నవ్వాడు. ఆ నవ్వుల్లో తనమీద గౌరవం ఉందనుకున్నాడు. కొంచెం ఉందేమో కూడా. ఏళ్ళ తరబడి చల్లగదిలో ఒంటరిగా కూర్చునే మనిషికి నలుగురు తనవైపు తిరిగి నవ్వితే అది తలకెక్కకుండా ఉండదు.

"సాయంత్రంలోగా ఒక్కసారి ఆలోచించండి. ఆర్డరేసి చేయించడం నాకిష్టం లేదు" అన్నాడు మేనేజరు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పోస్టుమాస్టరుకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

తిరిగి వచ్చి చూస్తే అక్క ఉత్తరం మరోసారి వచ్చి వెళ్ళింది. ఈసారి ఇంకో కొత్త యంత్రం.

మధ్యాహ్నం డబ్బా విప్పాడు గానీ ముద్ద దిగలేదు. సాధారణంగా అక్క ఒకసారి రాస్తే ఊరుకుంటుంది. ఇప్పుడు వస్తున్నదీ ఆ ఒక్క ఉత్తరమే, యంత్రాలు మారుతున్నాయంతే. అది అతనికి తెలుసు. తెలిసినా, ఎవరో తలుపు కొట్టి వెళ్ళి, మళ్ళీ వచ్చి కొడుతున్నట్టే అనిపిస్తోంది. చెయ్యి కడుక్కుని అక్క ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళిద్దరికీ ఫోన్లో ఒక ఏర్పాటు ఉంది. అతను మాట్లాడతాడు, ఆమె గోటితో రిసీవరు మీద తడుతుంది. ఒక దెబ్బ అయితే అవును, రెండయితే కాదు. ఆగకుండా తడుతూ పోతే తిడుతోందని అర్థం. ఆ తిట్ల కోసమే అతను అప్పుడప్పుడు చేస్తుంటాడు.

అవతల ఫోను మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. తల్లీకూతుళ్ళు బజారుకు వెళ్ళి ఉంటారనుకున్నాడు. పరీక్షలకు వెళ్ళారేమో అని కూడా అనుకున్నాడు.

కుర్చీ ముందుకు జరుపుకుని వైట్‌లిస్టు తెరిచాడు. అందులో ఏమీ లేదు. అన్నేళ్ళుగా దాన్ని అలా ఖాళీగా ఉంచడం అతని గొప్ప. పెద్ద కంపెనీలు వద్దు, ఒక్క అక్క చిరునామా చాలు. ఇవాళ్టికి పెట్టి, ఉత్తరం రాగానే తీసెయ్యొచ్చు. ఎవరికి తెలుస్తుంది? అక్షరం అక్షరం టైపు చేశాడు. ఇక ఒక్క మీట నొక్కడమే.

తలుపు తెరుచుకుని వెచ్చటి గాలి వచ్చింది. కొనుగోళ్ళ సెక్షను అమ్మాయి, చేతులు ముడుచుకుని గజగజలాడుతూ గుమ్మంలోనే ఆగింది.

"సార్, ఒక్క సాయం చేస్తారా? మన దగ్గర మందులు కొనే పిల్లల డాక్టరు గారు పొద్దున్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఆయన మెయిలొక్కటి లోపలికి తీసుకోండి సార్. ఎవరికీ చెప్పను, ఒట్టు."

పోస్టుమాస్టరు కుర్చీలో పక్కకు జరిగి తన ఒంటితో తెరను కప్పాడు. పరీక్షలో పక్కవాడి కాగితం చూస్తూ దొరికిపోయిన కుర్రాడిలా చెవులు వేడెక్కాయి.

"ఒకరికి తీస్తే అందరికీ తీయాలమ్మా."

"ఆయన చిన్నవాడే కదా సార్. చిన్న క్లినిక్కు."

"ఎవరైనా ఒకటే."

"మీ ఇష్టం సార్" అని ఆమె వెళ్ళిపోయింది. ఆ మాటలో కోపం లేదు. మీతో మాట్లాడటం గోడకు చెప్పుకోవడమే అన్న విసుగు మాత్రం ఉంది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. అతను లేచి వేసి వచ్చాడు. తెర ముందు నిలబడి అక్క చిరునామాను కుడివైపు నుంచి ఒక్కో అక్షరం చెరిపేశాడు. ఆ అమ్మాయికి కాదన్న నోటితో తనకు అవునని ఎలా చెప్పుకుంటాడు? సిగ్గనిపించింది. చెరిపేశాక కాస్త తేలిగ్గా కూడా అనిపించింది. ఆ తేలికదనాన్ని నిజాయితీ అనుకున్నాడు. అది పిరికితనమని ఆ పూట అతనికి ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నమంతా వేరే పనిలో తల దూర్చాడు. పాత యంత్రం ఫ్యాను గీపెడుతుంటే విప్పి దుమ్ము దులిపాడు. వైర్లకు చీటీలు అంటించాడు. మధ్యమధ్యలో వచ్చి తెర చూసేవాడు. అక్క ఉత్తరం మరోసారి వచ్చి వెళ్ళింది. ఎడం పెరిగింది. ఏం రాసి ఉంటుందో ఊహించుకుంటూ కూర్చున్నాడు. మేనకోడలి వంట మీద ఫిర్యాదు అయి ఉంటుంది. లేకపోతే, స్వెటరుకు గుండీ కుట్టించుకోవడానికి ముహూర్తం కుదరలేదా అని దెప్పిపొడుపు. ఆ పిన్నీసు ఆమె కళ్ళలో పడ్డప్పటి నుంచీ వదలడం లేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళేలోపు రాకపోతే తానే అక్క ఇంటికి వెళ్ళి కనుక్కుందామని నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకోగానే, సగం పని అయిపోయినట్టు నెమ్మదించాడు.

పొద్దు వాలుతుండగా బల్ల మీద ఫోను మోగింది. అలవాటుగా భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు.

"మామయ్యా, నేను." మేనకోడలు. గొంతు బొంగురుపోయి ఉంది. "నువ్వింకా ఆఫీసులోనే ఉన్నావా?"

"ఇంకెక్కడుంటానే. మధ్యాహ్నం ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదేం?"

"రాత్రే ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఊపిరి అందలేదు. అమ్మ పోయింది మామయ్యా. ఇందాకే."

అతను రిసీవరును చేత్తో పట్టుకున్నాడు.

"నాకు చెప్పలేదేమే?"

"చెప్పాం కదా. పొద్దున్నే అమ్మ పలక మీద రాసిచ్చింది. నేను ఎదురుగా ఉన్న నెట్ సెంటరు తెరిపించి టైపు చేసి పంపాను. ఫోన్ చేస్తానంటే వద్దంది. ఆఫీసులో ఫోను మోగితే నువ్వు హడలిపోతావంట. తర్వాత కూడా అడిగాను మామయ్యా, చెయ్యనా అని. 'రాశాం కదా, చూసుంటాడు, పని తెమల్చుకుని వస్తాడు' అని రాసింది. పలక తుడిచేసుకుని గుమ్మం వైపు చూస్తూ పడుకుంది."

మేనకోడలు ఆసుపత్రి పేరు, అంతస్తు, గది చెప్పింది. అన్నిటికీ 'ఊఁ' అన్నాడు. ఫోను పెట్టేశాక గదిలో యంత్రాల రొద తప్ప ఏమీ లేదు. ఏడుపు రాలేదు.

తెర మీద కొత్త వరస ఒకటి పడింది. అక్క ఉత్తరం మళ్ళీ వచ్చింది. ఇంకో యంత్రం మోసుకొచ్చింది. రాసిన మనిషి ఊపిరి ఆగిపోయిందని ఆ యంత్రానికి తెలియదు. దానికి అప్పగించిన పని అది చేస్తోంది. అతను కుర్చీలోంచి లేచేలోపే గుమ్మం జవాబు చెప్పేసింది. ఇప్పుడు వీలుపడదు, కాసేపాగి రండి.

"ఆగు" అన్నాడు అతను పైకే. "ఆగు, ఆగక్కా."

ఆగేదేమీ లేదు, అప్పటికే వెళ్ళిపోయింది. అతను కూర్చుని వైట్‌లిస్టు తెరిచాడు. పెద్ద కంపెనీల పేర్లన్నీ, వాళ్ళ యంత్రాల చిరునామాలన్నీ వరసగా రాశాడు. ఒక్క తప్పూ పోలేదు. ఎన్నోసార్లు మనసులో రాసి కొట్టేసినవే అవి. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇన్నాళ్ళూ పోట్లాడింది ఇంత చిన్న పని చెయ్యననా అని అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. మీట నొక్కాడు.

వెంటనే మెయిళ్ళు మొదలయ్యాయి. ముందు ఒకటీ అరా, ఆ తర్వాత గుంపుగా. చిన్న ఆసుపత్రులు, మందుల దుకాణాలు, పిల్లల డాక్టరు. ఎప్పటెప్పటివో ఉత్తరాలు, వాకిట్లో నిలబడి నిలబడి ఇప్పుడు అడ్డు లేకుండా లోపలికి వెళుతున్నాయి. అక్కది మాత్రం లేదు. ఇప్పుడే వెనక్కి పోయింది కదా, మళ్ళీ ఎప్పుడొస్తుందో దానిష్టం. ఎడం ఇంకా పెరిగి ఉంటుంది. పిలిచి రప్పించే వీలు లేదు. అతను ఇన్నేళ్ళుగా ఎంతమందినో తిప్పి పంపాడు గానీ వెనక్కి పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. కాసేపు తెర వైపే చూశాడు. తర్వాత లేచి, లైటు తీయకుండానే బయటికి వచ్చాడు.

కళ్ళజోడు మీద ఆవిరి పట్టింది. తుడుచుకోకుండానే నడిచాడు. మెట్ల దగ్గర ఎవరో ఎదురయ్యారు. గొంతును బట్టి మేనేజరని తెలిసింది.

"చేసేశారా పోస్టుమాస్టరు గారూ! మెయిళ్ళు వరదలా వచ్చేస్తున్నాయి. చాలా థాంక్సండీ. మీరు కాదంటారేమోనని పొద్దున్నుంచీ బెంగగానే ఉంది."

"చేశాను సార్. నేను కొంచెం ముందు వెళతాను."

"తప్పకుండా. ఏమైనా పనా?"

"మా అక్క దగ్గరికి."

"ఓ, పొద్దున చెప్పారే, ఆవిడ మెయిలు వచ్చిందా మరి?" అని మేనేజరు నవ్వుతూ అడిగాడు. అతను అప్పటికే రెండు మెట్లు దిగిపోయాడు.

బస్సులో అందరూ అతన్నే చూశారు. ఆ ఉక్కలో స్వెటరు, మఫ్లరు, టోపీ. కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన కాస్త ఎడంగా జరిగాడు. ఒంటి మీద అవి ఉన్నాయన్న ధ్యాసే అతనికి లేదు. వీపు మీదుగా చెమట కారుతుంటే, ఎవరో నీళ్ళు పోస్తున్నారనుకున్నాడు. దారి పొడవునా ఒకటే ఆలోచన. మధ్యాహ్నం ఆ ఒక్క మీట నొక్కి ఉంటే, ఆ తర్వాత వచ్చినప్పుడే ఉత్తరం చేతికి అందేది. బస్సు కాదు, ఆటో ఎక్కేవాడు. అప్పటికి అక్కకు స్పృహ ఉంది. పలక మీద ఏదో ఒకటి రాసి తిట్టి ఉండేది. ఆ తిట్టు ఏమై ఉంటుందో ఎంత ఊహించినా అతనికి అందలేదు.

ఆసుపత్రి వార్డు పొడుగ్గా ఉంది. రెండు వైపులా మంచాలు, మందుల వాసన. ఆ వాసన అతనికి కొత్త కాదు, తన గది గోడల్లో ఇంకా మిగిలినదే. చివర కిటికీ పక్క మంచం మీద అక్క ఉంది. మెడ దాకా దుప్పటి కప్పారు. గొంతు దగ్గర కోసిన మచ్చ కనబడకుండా ఆమె ఎప్పుడూ చుట్టుకునే గుడ్డ అలాగే ఉంది. సూదులు పట్టీ పట్టీ గరుకెక్కిన వేళ్ళు దుప్పటి మీద కొంచెం ముడుచుకుని ఉన్నాయి. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. తన చేతులకన్నా చల్లగా ఉన్న చెయ్యి అతనికి ఇన్నేళ్ళలో తగల్లేదు.

అప్పుడు ఏడుపు వచ్చింది. శబ్దం లేకుండా ఏడ్చాడు. మేనకోడలు వచ్చి అతని తల మీంచి టోపీ తీసి, మఫ్లరు విప్పింది. ఆ పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏం రాసింది?" అని అడిగాడు కాసేపటికి.

"నువ్వు చూడలేదా?"

"రాలేదమ్మా. కాదు, వచ్చింది. పొద్దున్నుంచీ వస్తూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. నేనే లోపలికి రానివ్వలేదు."

ఆమెకు అర్థం కాలేదు. తర్వాత కొంత అర్థమైంది. అతని ముఖంలోకి చూసింది, ఏదో అనబోయింది, అనలేదు. అన్నా బాగుండేదని అతనికి అనిపించింది. ఆమె తన చేతిలోని టోపీనీ మఫ్లరునూ మంచం కాళ్ళ వైపు పెట్టింది.

"ఎక్కువేం లేదు మామయ్యా. 'ఒరేయ్ చిన్నోడా, పరుగులు పెట్టకు. పని చూసుకునే రా. నీకు చోటు ఆపి పెట్టాను' అని రాయించింది. అంతే" అని చెప్పి, డాక్టరు పిలుస్తున్నారని బయటికి వెళ్ళింది.

అప్పుడు చూశాడు. వార్డులో కుర్చీలు తక్కువ. పక్క మంచాలవాళ్ళ తాలూకు మనుషులు గోడలకు ఆనుకుని, మంచాల అంచుల మీద ఒరిగి, నేల మీద చతికిలబడి ఉన్నారు. అక్క తల వైపు మాత్రం ఒక ఇనుప కుర్చీ ఖాళీగా ఉంది. పొద్దున్నుంచీ ఎవరు అడగవచ్చినా ఆమె చెయ్యి అడ్డం పెట్టి పంపించేసిందని పక్క మంచం ముసలమ్మ చెప్పింది. ఆమె పోయాక కూడా ఎవరికీ అందులో కూర్చోవడానికి మనసొప్పలేదట.

కుర్చీ మీద, బస్సులో సీటు ఆపుకున్నట్టు, అంచులు కుట్టిన చేతిరుమాలొకటి నాలుగు మూలలూ సరిచేసి పరిచి ఉంది.